భాష కోసం ఒక లోకం: టోల్కీన్ జీవితం

మన సభల సంచికలో ఒక ఇంగ్లీషు రచయిత గురించి వ్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఒకసారి ఇంట్లో పిల్లల పుస్తకాల అర చూడండి. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. పుస్తకం చదవకపోయినా 2001 నుంచి 2003 వరకు వచ్చిన మూడు సినిమాలు చూసినవారు మనలో ఎందరో ఉన్నారు. ఆ కథ జరిగే ‘మిడిల్ ఎర్త్’ అనే లోకాన్ని నదులతో, కొండలతో, కాలిబాటలతో సహా కల్పించినవాడు జె.ఆర్.ఆర్. టోల్కీన్. ఆయన జీవితం చదివినప్పుడు నన్ను ఆశ్చర్యపరచింది అందులోని మాయలూ మంత్రాలూ కాదు. ఆయన మొదట భాషలు కల్పించాడు. ఆ భాషలు మాట్లాడడానికి జనం కావాలి, జనానికి నేల కావాలి, నేలకు చరిత్ర కావాలి. లోకం అలా పుట్టింది. పరాయి దేశంలో సొంత భాష నిలుపుకోవాలని తాపత్రయపడే మనకు ఇది తెలుసుకోదగ్గ సంగతి అనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

టోల్కీన్ 1892 జనవరి 3న ఇప్పటి దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫోంటేన్‌లో పుట్టాడు. తండ్రి ఆర్థర్ బ్యాంకు ఉద్యోగం కోసం ఇంగ్లండు విడిచి అక్కడికి వెళ్ళినవాడు. ఒక విధంగా మనలాంటి వలస కుటుంబమే. 1895లో తల్లి మేబెల్ ఇద్దరు పిల్లలను తీసుకుని ఇంగ్లండు వచ్చింది. వెనకాలే రావలసిన తండ్రి రానేలేదు. 1896 ఫిబ్రవరిలో అక్కడే జబ్బుచేసి పోయాడు.

తల్లీబిడ్డలు బర్మింగ్‌హామ్ దగ్గర సేర్‌హోల్ అనే పల్లెలో కాపురం పెట్టారు. ఒక ఏరు, ఒక పిండిమర, చుట్టూ చెట్లు. అక్కడ ఉన్నది నాలుగేళ్ళే అయినా, ఆ పల్లెే తరవాత హాబిట్లు ఉండే ‘షైర్’ సీమకు మూలమైంది. పిల్లలకు మొదటి గురువు తల్లే. లాటిన్ నేర్పింది, మొక్కల పేర్లు చెప్పింది, బొమ్మలు గీయించింది. 1900లో ఆమె కాథలిక్ మతంలో చేరడంతో బంధువులు డబ్బు సాయం ఆపేశారు. 1904లో మధుమేహంతో కన్నుమూసింది. ఇన్సులిన్ వైద్యం రావడానికి ఇంకా పద్దెనిమిదేళ్ళు ఉంది. పన్నెండేళ్ళ పిల్లవాడి బాధ్యతను ఫ్రాన్సిస్ మోర్గన్ అనే ఫాదరీ తీసుకున్నాడు.

తల్లి పోయినా ఆమె అంటించిన భాషల పిచ్చి పోలేదు. అంతకు ముందే ఇంటి వెనక రైలు పట్టాల మీద పోయే బొగ్గు వ్యాగన్లపై వేల్స్ ఊళ్ళ పేర్లు చూసి, అర్థం తెలియకపోయినా ఆ అక్షరాల అందానికి మురిసిపోయిన పిల్లవాడు. బడిలో గ్రీకు, ప్రాచీన ఆంగ్లం, గాథిక్ పట్టుకున్నాడు. 1911లో ఆక్స్‌ఫర్డ్‌లో చేరాక ఫిన్నిష్ వ్యాకరణం చేతికి చిక్కింది. ఫిన్నిష్ నాదం మీద మోజుతో ‘క్వెన్యా’ అనే భాషను, వెల్ష్ పోలికలతో ‘సిందారిన్’ అనే భాషను జీవితాంతం చెక్కుతూనే ఉన్నాడు. ఈ రెండూ ఒకే మూలభాష నుంచి చీలినట్టు ఆయన కల్పన. ఎల్ఫ్ జాతిలో కొందరు సముద్రం దాటి పడమటికి వెళ్ళారు, కొందరు ఇవతలే ఆగిపోయారు. వాళ్ళ మాట వేరు, వీళ్ళ మాట వేరు అయింది. మూల ద్రావిడం నుంచి తెలుగు, తమిళం, కన్నడం, గోండి విడివడిన తీరు తెలిసినవారికి ఈ ఊహ వింతగా తోచదు.

పదహారో ఏట ఆయన ఈడిత్ బ్రాట్‌ను ప్రేమించాడు. ఆమె మూడేళ్ళు పెద్ద, ఆమెకూ తల్లిదండ్రులు లేరు. ఇరవై ఒక్కటి నిండేదాకా ఉత్తరం కూడా రాయవద్దని సంరక్షకుడు కట్టడి చేశాడు. ఆ మాట నిలబెట్టుకుని, 1913లో ఇరవై ఒక్కటి నిండిన రోజునే ఉత్తరం రాశాడు. 1916 మార్చిలో పెళ్ళయింది. జూన్‌లో యుద్ధానికి ఫ్రాన్సు వెళ్ళాడు.

సోమ్ యుద్ధరంగంలో ఆయన సిగ్నల్ ఆఫీసరు. బడి రోజుల నుంచి ప్రాణంగా ఉన్న నలుగురు మిత్రుల్లో రాబ్ గిల్సన్ జూలై 1న, మొదటి రోజే పోయాడు. జెఫ్రీ స్మిత్ డిసెంబరులో గాయాలతో పోయాడు. టోల్కీన్‌ను బతికించింది పేలు తెచ్చిన జ్వరం. ట్రెంచ్ ఫీవర్‌తో ఆయనను ఇంగ్లండు పంపేశారు. ఆ కోలుకునే రోజుల్లోనే గోండోలిన్ అనే నగరం కూలిపోయిన కథ రాశాడు. మిడిల్ ఎర్త్ కథల్లో మొదటివాటిలో అదొకటి. నీళ్ళలో మృతుల ముఖాలు తేలే చిత్తడినేలలు ఆయన నవలలో వస్తాయి. సోమ్ తరవాతి ఉత్తర ఫ్రాన్సు ఛాయ వాటిలో ఉందని ఆయనే ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు.

యుద్ధం ముగిశాక కొంతకాలం ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ‘డబ్ల్యూ’ అక్షరంతో మొదలయ్యే మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతికాడు. లీడ్స్‌లో పనిచేసి, 1925లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్ల ఆచార్యుడయ్యాడు. నలుగురు పిల్లలు, చాలీచాలని జీతం. అదనపు రాబడికి సెలవుల్లో పరీక్ష పేపర్లు దిద్దేవాడు. అలా దిద్దుతుండగా ఎవరో ఖాళీగా వదిలిన ఒక పేజీ మీద హాబిట్ గురించి మొదటి వాక్యం రాసుకున్నాడు. ‘ది హాబిట్’ 1937 సెప్టెంబరులో అచ్చయింది. దాన్ని వేయవచ్చో లేదో చెప్పింది ప్రచురణకర్త పదేళ్ళ కొడుకు రేనర్ అన్విన్. అందుకు ముట్టిన ఫీజు ఒక షిల్లింగు.

తరవాతి కథకు పన్నెండేళ్ళు పట్టింది. ఇక్కడే ఆయన భూగోళం సంగతి చెప్పుకోవాలి. ముందు పటం గీసుకుని కథను దానికి తగ్గట్టు నడిపించడం ఆయన పద్ధతి. వాయవ్యాన పచ్చటి షైర్. దానికి తూర్పున ఉత్తర దక్షిణాలుగా సాగే మంచు కొండల బారు. యౌవనంలో స్విట్జర్లాండులో కాలినడకన చూసిన ఆల్ప్స్ వాటికి ఆధారం. కొండలకు అవతల దక్షిణంగా పారే మహానది ఆండువిన్. గుర్రాలు పెంచేవాళ్ళ రోహన్ మైదానం. ఆగ్నేయాన మూడు వైపులా కొండలు కోటగోడల్లా నిలిచిన మోర్డోర్, దాని నడుమ అగ్నిపర్వతం. హాబిట్ల ఊరు ఇంచుమించు ఆక్స్‌ఫర్డ్ అక్షాంశం మీద, గోండోర్ రాజధాని ఇటలీలోని ఫ్లోరెన్స్ అక్షాంశం మీద ఉంటాయని లెక్కవేశాడు. రోజుకు ఎన్ని మైళ్ళు నడవగలరో చూసుకున్నాడు. చంద్రుడు తప్పు తిథిన కనిపించాడని అధ్యాయాలు తిరగరాశాడు.

ఇది మనకు కొత్త కాదు. పూజకు కూర్చుంటే సంకల్పంలో ఏ ద్వీపంలో, ఏ వర్షంలో, ఏ నదుల మధ్య ఉన్నామో చెప్పుకుంటాం. అమెరికా వచ్చాక పురోహితులు జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం అని మార్చుకున్నారు. ఎక్కడ నిలబడ్డామో చెప్పనిదే పని మొదలుపెట్టకూడదన్నది మన పద్ధతి. టోల్కీన్ పద్ధతీ అదే.

రెండో ప్రపంచయుద్ధంలో మూడో కొడుకు క్రిస్టఫర్ వైమానిక దళ శిక్షణకు దక్షిణాఫ్రికా వెళ్ళాడు. తాను పుట్టిన ఆ దేశానికే తండ్రి అధ్యాయాలు టపాలో పంపేవాడు. పుస్తకంలోని పటాలు గీసింది ఆ కొడుకే. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ 1954, 1955లలో మూడు భాగాలుగా వచ్చింది. నష్టం వస్తుందనే భయంతోనే వేశారు. 1965లో అమెరికాలో చవక ప్రతులు రావడంతో కాలేజీ పిల్లలు ఎగబడ్డారు.

ఈడిత్ 1971లో, ఆయన 1973 సెప్టెంబరు 2న పోయారు. ఆక్స్‌ఫర్డ్ సమాధిరాతి మీద వారి పేర్ల కింద లూథియెన్, బెరెన్ అని ఉంటుంది. ఆయన కథల్లోని ప్రేమికుల పేర్లవి. మిగిలిన కాగితాలను క్రిస్టఫర్ 2020లో చనిపోయేదాకా పరిష్కరించి ప్రచురిస్తూ వచ్చాడు. తండ్రి భాషను కొడుకు మోసిన కథ ఇది.

కథలు లేని కల్పిత భాష ఎంత చక్కగా కట్టినా బతకదని టోల్కీన్ నమ్మకం. వారాంతాల్లో తెలుగు బడిలో పాఠం చెప్పే నాకు ఆ మాట గట్టిగా తగిలింది. మా తరగతిలో పన్నెండేళ్ళ అబ్బాయి మిడిల్ ఎర్త్ పటం చూడకుండా గీస్తాడు. మీ అమ్మమ్మగారి ఊరి పక్కన పారే ఏరు పేరేమిటంటే తెలియదన్నాడు. తప్పు వాడిది కాదు, ఆ పటం వాడికి ఎవరూ ఇవ్వలేదు. అప్పటినుంచి గుణింతాలతో పాటు ఒక పని పెట్టాను. తాతగారి ఊరి పటం గీయాలి. చెరువు, రేవు, రచ్చబండ, దిబ్బ, డొంక, ఊరి పొలిమేర, అన్నిటికీ అక్కడివాళ్ళు పిలిచే పేర్లే రాయాలి. పిల్లలు ఆదివారం ఫోన్లు చేసి అడుగుతున్నారు. అవతల ఉన్న అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. కాబట్టి ఆ దారులన్నీ తెలుగులోనే అడగాలి, తెలుగులోనే వినాలి.