శిఖరాల బాటసారి మల్లి మస్తాన్ బాబు

పోయిన సంక్రాంతి సెలవులలో మన కాలేజీ విద్యార్థులు కొందరిని వెంటబెట్టుకొని భువనగిరి గుట్ట ఎక్కాను. మన నల్లగొండ వాళ్లకు ఆ ఏకశిల కొత్తగాదు. కోటగోడ నీడకు కూర్చొని సద్దులు విప్పుకున్నాక ఒక పిలగాడు నోటుబుక్కు తీసి నా చేతికిచ్చాడు. ఆఫ్రికాలోని కిలిమంజారో ఎక్కడానికి తామంతా కలిసి వేసుకున్న పథకం అందులో ఉన్నది. మూడు రోజులు ఎక్కుడు, మూడోనాటి అర్ధరాత్రి శిఖరానికి బయలుదేరుడు, అయిదోనాటికి కిందికి దిగుడు. నడుమ ఆగే రోజు ఏదీ అని అడిగాను. అక్కడ పార్కు రుసుము రోజు లెక్కన కట్టాలి గనుక ఒక రోజు కోస్తే మనిషికి అంత మిగులుతుందని చెప్పారు. మన పిల్లల చేతిలో డబ్బు ఎంత ఆడుతుందో నాకు తెలియనిది కాదు. అందుకే కోప్పడలేదు. వాళ్లకు మల్లి మస్తాన్ బాబు కథ చెప్పాను. ఆనాడు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

మస్తాన్ బాబు 1974 సెప్టెంబరు 3న నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీజనసంఘంలో ఒక పేద గిరిజన కుటుంబంలో జన్మించారు. 1985లో విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాలలో చేరారు. ఆ పాఠశాల పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు అదే సంవత్సరం సైనిక బృందంతో ఎవరెస్టుకు వెళ్లి, అక్కడే ప్రాణాలు విడిచారు. ఆయన విగ్రహాన్ని పాఠశాలలో నిలిపారు. దాని ముందునుంచి రోజూ ఎందరో పిల్లలు నడిచిపోయి ఉంటారు. మస్తాన్ బాబు మనసు మాత్రం అక్కడే కొండలమీదికి మళ్లింది. కొండ మనిషిని తీసుకుపోగలదన్న సంగతి ఆయనకు మొదటి పాఠంలోనే తెలుసునన్నమాట.

ఆ తర్వాత జంషెడ్‌పూరులో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో ఎం.టెక్. పూర్తిచేశారు. సత్యం కంప్యూటర్స్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేశారు. ఆ ఉద్యోగం విడిచి కలకత్తా ఐ.ఐ.ఎం.లో చేరి 2004లో చదువు ముగించారు. అంతటి చదువు చదివినవాడికి పెద్ద జీతాలు ఎదురొచ్చే కాలమది. ఆయన కొండలవైపు నడిచారు.

2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో ఎక్కి, అప్పటికి అతి తక్కువ కాలంలో ఆ పని చేసినవారిగా పేరు పొందారు. జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్‌తో మొదలు. ఫిబ్రవరిలో దక్షిణ అమెరికాలోని అకంకాగువా. మార్చి 15న కిలిమంజారో. తర్వాత ఆస్ట్రేలియా శిఖరం, మే నెలలో ఎవరెస్టు, జూన్‌లో ఎల్‌బ్రస్. జూలై 10న అలాస్కాలోని డెనాలీతో ముగింపు. వారంలోని ఏడు రోజులకు ఏడు శిఖరాలు పడ్డాయి.

ఈ వరుసను కొంచెం నిదానంగా చూడండి. అంటార్కిటికాలో కొండలెక్కే కాలం జనవరితో దాదాపు ముగుస్తుంది. కిలిమంజారో దిక్కున పెద్ద వానలు మార్చి నడుమనుంచి మే దాకా పడతాయి. ఎవరెస్టుకు మే నెలలోనే గాలి కాస్త నెమ్మదిస్తుంది. ఏ కొండ ఎప్పుడు దారి ఇస్తుందో చూసుకొని దాని వెంట పోయే వరుస ఇది. కొండను తన సెలవులకు తగినట్లు రమ్మంటే అది రాదు.

కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. మామూలు దారిలో తాళ్లు కట్టి పాకే పని లేదు. అందుకే అది సులువని చాలామంది మోసపోతారు. పైన మనకందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో సుమారు సగమే. మన గుట్టలెన్ని ఎక్కినా కాళ్లు గట్టిపడతాయి గాని ఆ గాలి అలవాటు కాదు. దానికి మందు రోజులే. 3,720 మీటర్ల ఎత్తున ఉన్న హొరొంబో గుడిసెల దగ్గర ఒక రోజు ఎక్కువ ఉండి, పగలు ఇంకొంత పైకి నడిచి, రాత్రికి తిరిగొచ్చి పడుకోవడం అందుకే. ఆ కొండను మొట్టమొదట ఎక్కిన జర్మను దేశస్థుడు హాన్స్ మేయర్ సైతం 1887లో మంచుగోడ దగ్గర ఆగిపోయి వెనుదిరిగినవాడే. 1889లో దారిపొడుగునా మకాములు వేసి, కింది ఊరినుంచి తిండి తెప్పించుకునే ఏర్పాటు చేసుకున్నాడు. అక్టోబరు 3న అగ్నిబిలం అంచుదాకా చేరి కూడా పొద్దు చాలదని దిగివచ్చాడు. మూడు రోజులకు మళ్లీ పోయి శిఖరం అందుకున్నాడు.

నా సంగతీ చెప్పాలి. వయసులో ఉండగా హిమాలయాలలో తలనొప్పి దాచిపెట్టి ముందుకు నడిచాను. చివరికి ఇద్దరు నన్ను మోసుకొని దిగవలసి వచ్చింది. వాళ్ల యాత్ర కూడా నా మూలంగా చెడిపోయింది. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

మస్తాన్ బాబు 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో ఉన్నారు. అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని 6,749 మీటర్ల ట్రెస్ క్రూసెస్ సుర్ శిఖరానికి ఒంటరిగా బయలుదేరారు. మార్చి 24 తర్వాత జాడ లేదు. ఏప్రిల్ మొదటి వారంలో భౌతికకాయం దొరికింది. ఆ నెలాఖరుకు గాంధీజనసంఘం చేర్చారు. ఊరివాళ్లేగాక ఎక్కడెక్కడివారో వచ్చి కడసారి చూసుకున్నారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు.

ఇంత లెక్క తెలిసిన మనిషికే అట్లా అయిందా అని ఒక పిలగాడు అడిగాడు. అయిందని చెప్పాను. లెక్క వేసుకున్నందుకు కొండ మాట ఇవ్వదు. లెక్క లేకుండా పోతే మాత్రం తప్పు మనది అవుతుంది. ఉన్నతుల జీవితాలను పూజించడానికి చదవడం వేరు, మన అడుగు సరిచూసుకోవడానికి చదవడం వేరు.

గుట్ట దిగేముందు ఆ నోటుబుక్కులో ఆరో రోజు చేరింది. కిందనే ఇంకో వరుస కూడా రాసుకున్నారు: ఎవరికి తలనొప్పి వచ్చినా దాచరాదు, దిగినవాణ్ణి ఎవరూ నవ్వరాదు. పైసలు ఇంకా సమకూరలేదు. ప్రయాణం ఎప్పుడో నేను చెప్పలేను. అయినా పథకం సరిగ్గా ఉన్నది గనుక, ఆలస్యమైనందుకు నాకు దిగులు లేదు.