విశాఖ అధ్యాపకుడి మనవడు, ఆకాశంలో ‘చంద్ర’

1999 జూలై 23న అమెరికా సంస్థ నాసా కొలంబియా షటిల్‌లో ఒక ఎక్స్‌రే టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపింది. దాని పేరు చంద్ర. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు మీద పెట్టినది.

చంద్రశేఖర్‌ది తమిళ కుటుంబం. ఆయనకు పేరు తాతగారి నుంచి వచ్చింది. ఆ తాత చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నం ఏవీఎన్ కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించారు. సి.వి. రామన్ చిన్నతనం అక్కడే గడిచింది. రామన్ అన్నగారి కొడుకే చంద్రశేఖర్. మనవాళ్లు తరాలుగా తమిళనాట బతుకుతున్నట్టే, ఆ ఇంటివారూ కొన్నేళ్లు తెలుగుగడ్డ మీద బతికారు.

తండ్రి రైల్వే ఉద్యోగం వల్ల చంద్రశేఖర్ 1910 అక్టోబరు 19న లాహోర్‌లో పుట్టారు. మద్రాసులో తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలులో, ప్రెసిడెన్సీ కళాశాలలో చదివారు. 1930లో కేంబ్రిడ్జి వెళ్లేందుకు బొంబాయిలో ఓడ ఎక్కారు. అప్పటికి ఆయన వయసు 19.

ఆ ప్రయాణంలోనే ఒక లెక్క వేశారు. ఇంధనం అయిపోయిన నక్షత్రం కుంచించుకుపోయి, భూమంత చిన్న శ్వేత కుబ్జంగా నిలిచిపోతుందని అప్పటి నమ్మకం. బరువు ఒక హద్దు దాటితే అలా నిలవలేదని ఆయన లెక్క తేల్చింది. తరువాత స్థిరపడిన ఆ హద్దు సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్లు.

1935 జనవరి 11న లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభలో చంద్రశేఖర్ దీన్ని వివరించారు. వెంటనే ఆ కాలపు మహా ఖగోళవేత్త ఎడింగ్టన్ లేచి దాన్ని ఎగతాళి చేశారు. సభంతా నవ్వింది. చంద్రశేఖర్‌దే సరైన లెక్క అని కొందరు పెద్ద శాస్త్రవేత్తలు లోపల ఒప్పుకున్నా, బయటికి చెప్పలేదు.

ఆయన పోట్లాడలేదు, లెక్కనూ వదులుకోలేదు. 1937లో అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయంలో చేరారు. 1939లో అంతా ఒక పుస్తకంలో పెట్టి, వేరే విషయం మీదికి మళ్లారు. ఎడింగ్టన్‌తో స్నేహం మాత్రం తెంచుకోలేదు. 1944లో ఆయన పోయినప్పుడు సంస్మరణ ప్రసంగం చేశారు.

కాలం చంద్రశేఖర్ వైపే మొగ్గింది. 1967లో పల్సార్లు కనబడ్డాయి. అవి గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలని తేలింది. 1983లో, 73వ పుట్టినరోజు నాడు, ఆయనకు నోబెల్ ప్రకటించారు. 1995 ఆగస్టు 21న షికాగోలో కన్నుమూశారు.

టెలిస్కోపుకు పేరు పెట్టేందుకు నాసా పోటీ పెడితే, ఒక హైస్కూలు విద్యార్థి, ఒక ఉపాధ్యాయురాలు సూచించిన ఈ పేరు నెగ్గింది. పేలిన నక్షత్రం నుంచి ఎగజిమ్మిన వాయువు కోట్ల డిగ్రీల వేడితో ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. మన వాతావరణం వాటిని అడ్డుకుంటుంది కాబట్టి, చూడాలంటే దాని పైకి వెళ్లాల్సిందే.

1999 ఆగస్టులో విడుదలైన ‘చంద్ర’ తొలి చిత్రం కాసియోపియా ఎ అనే విస్ఫోటన అవశేషానిది. మనకు సుమారు 11,000 కాంతి సంవత్సరాల దూరం. ఆ వాయువులో సిలికాన్, గంధకం, ఇనుము జాడలు దొరికాయి. నట్టనడుమ ఒక చిన్న చుక్క కనబడింది. అది న్యూట్రాన్ నక్షత్రం: వెడల్పు సుమారు 20 కిలోమీటర్లే, బరువు మాత్రం సూర్యుడి కంటే ఎక్కువ. భారీ నక్షత్రం నడిబొడ్డు చంద్రశేఖర్ చెప్పిన హద్దు దాటి కూలినప్పుడు మిగిలేది ఇలాంటిదే.

సభ నవ్విన లెక్క నిజమని చూపే చుక్క అది. ఆ చిత్రం వచ్చేనాటికి ఆయన పోయి నాలుగేళ్లయింది. తాతల పేర్లు మనవలకు పెట్టుకునే మన ఇళ్లలో పిల్లలకు ఈ కథ చెబుదాం.