వీర్యకణం గుట్టు విప్పిన బట్టల వర్తకుడు

పెళ్లయి ఏళ్లు గడిచినా సంతానం కలగకపోతే లోకం ముందుగా వేలెత్తి చూపేది స్త్రీనే. గొడ్రాలు అన్న నింద తెలుగునాట తరతరాలుగా వినిపిస్తున్నదే. పురుషుడిపై అటువంటి నింద మోపే మాట అంతగా వాడుకలో లేదు. లోపం ఎవరిలో ఉన్నదో తేల్చేందుకు నేడు వైద్యులు తొలిదశలోనే సూచించే సులభమైన పరీక్షల్లో వీర్య పరీక్ష ఒకటి. ఆ పరీక్షకు బీజం వేసిన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ వైద్యుడు కాదు, విశ్వవిద్యాలయ పట్టభద్రుడూ కాదు. ఆయన ఒక సాధారణ బట్టల వర్తకుడు.

లీవెన్‌హుక్ 1632 అక్టోబరు 24న నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో జన్మించారు. తండ్రి బుట్టలు అల్లి జీవించేవారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లో బట్టల వ్యాపారం నేర్చుకుని, 1654లో స్వస్థలానికి తిరిగివచ్చి దుకాణం తెరిచారు. 1660లో పురపాలక భవనంలో చిన్న ఉద్యోగం లభించింది. అయిదుగురు సంతానంలో కుమార్తె మరియా ఒక్కరే బతికి, కడదాకా తండ్రికి తోడుగా నిలిచారు.

నేత పోగులను పరిశీలించేందుకు ఆనాటి వర్తకులు భూతద్దం వాడేవారు. లీవెన్‌హుక్ అంతటితో తృప్తి చెందక స్వయంగా కటకాలు తయారుచేయడం ప్రారంభించారు. రెండు చిన్న లోహపు రేకుల నడుమ ఒకే కటకం బిగించిన ఆయన సూక్ష్మదర్శిని అరచేతిలో ఇమిడిపోయేది. నేటికీ మిగిలి ఉన్న వాటిలో ఒకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపగలదు. 1673 నుంచి ఆయన తన పరిశీలనలను లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖల రూపంలో పంపసాగారు.

1677లో యోహాన్ హామ్ అనే వైద్య విద్యార్థి గనేరియా రోగి వీర్యాన్ని ఆయన వద్దకు తీసుకువచ్చాడు. అందులో కదలాడుతున్న తోక గల సూక్ష్మజీవులు వ్యాధి వల్లనే పుట్టి ఉంటాయని హామ్ భావించాడు. లీవెన్‌హుక్ ఆ ఊహను అంగీకరించి ఊరుకోలేదు. ఆరోగ్యవంతుడైన తన వీర్యాన్నే పరీక్షించి, అందులోనూ అవే జీవులు ఉన్నట్లు గుర్తించారు. అవి వ్యాధి లక్షణం కావని, పురుష సహజమని తేలింది.

అయితే ఈ విషయాన్ని లోకానికి చెప్పడమెలా? అసభ్యమని పండితులు అసహ్యించుకుంటారేమోనని ఆయన వెనుకాడారు. అదే ఏడాది నవంబరులో రాయల్ సొసైటీ అధ్యక్షుడికి లేఖ రాస్తూ, నమూనా దాంపత్య జీవితం నుంచి లభించినదేనని స్పష్టం చేశారు. ప్రచురించడమా, పక్కన పెట్టడమా అన్నది అధ్యక్షుడి విచక్షణకే వదిలివేశారు. హామ్‌కు దక్కవలసిన గుర్తింపునూ దాచలేదు. ఆ లేఖ 1679లో లాటిన్‌లో వెలువడింది. మరుసటి ఏడాది ఆయన రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

1679లోనే ఆయన ఒక కాడ్ చేప వీర్యంలోని కణాల సంఖ్యను అంచనా వేసి, 15,000 కోట్లుగా లెక్కగట్టారు. భూమిపై నివసించగల మనుషుల సంఖ్య కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువని పోల్చి చూపారు.

ఆయన పొరబడిన విషయమూ ఉంది. సంతతికి మూలమంతా వీర్యకణమేనని, స్త్రీ గర్భం పోషణకు మాత్రమేనని ఆయన విశ్వసించారు. అండంతో వీర్యకణం కలయికను సముద్రపు అర్చిన్‌లో 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ వివరించిన తరువాత ఇరువురి పాత్రా స్పష్టమైంది.

లీవెన్‌హుక్ 1723 ఆగస్టు 26న 90 ఏళ్ల వయసులో డెల్ఫ్ట్‌లోనే కన్నుమూశారు. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల మేరకు వీర్య పరిమాణం, కణాల సంఖ్య, కదలిక, ఆకృతి వంటి అంశాలను పరీక్షిస్తున్నారు. 2021 నాటి ఆరవ సంచిక ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, 42 శాతం కదలిక కనిష్ఠ ప్రమాణాలు. ఇవి తుది తీర్పులు కావు. అంతకంటే తక్కువ ఉన్నవారికీ సంతానం కలగవచ్చు. నమూనా ఇచ్చే ముందు రెండు నుంచి ఏడు రోజుల సంయమనం పాటించాలి. ఫలితం ఒక్కోసారి ఒక్కో విధంగా ఉండవచ్చు గనుక, తేడా కనిపిస్తే పరీక్షను మళ్లీ చేయిస్తారు.

మూడున్నర శతాబ్దాల నాడు బిడియాన్ని పక్కనపెట్టి తన వీర్యాన్నే పరీక్షకు పెట్టుకున్నారు ఆ వర్తకుడు. భార్యను ఆసుపత్రుల చుట్టూ తిప్పుతూ, తాను మాత్రం పరీక్షకు జంకే భర్త తెలుసుకోవలసిన జీవితం అది.