లోహమునకు రూపమిచ్చిన శిల్పి

ఇటలీ దేశపు ఉత్తర భాగమున పీడ్‌మాంట్ అను సీమ గలదు. అందలి కొర్తాంజె అను పల్లెలో 1893వ సంవత్సరము నవంబరు 2వ తేదీన బత్తిస్త ఫారీనా జన్మించెను. తలిదండ్రులకు కలిగిన పదునొకండుగురు బిడ్డలలో ఇతడు పదవవాడు. ఇంటివారు ఇతనిని ముద్దుగా పినిన్ అని పిలిచెడివారు. ఆ సీమ భాషలో పినిన్ అనగా చిన్నవాడని అర్థము. ఆ ముద్దుపేరే తరువాత లోకమంతట వ్యాపించెను.

ఆ దినములలో చాల కార్లకు ఇంజనును, చట్రమును ఒకరు చేయగా, పైభాగమును వేరొకరు కట్టెడివారు. పినిన్ అన్నయగు జొవాన్నికి టూరిన్ నగరమున అట్టి పనిశాల యుండెను. పినిన్ బాల్యముననే అందు చేరి, రేకును సుత్తితో కొట్టి వంపులు తీర్చు విద్యను నేర్చెను. ఇరువదియేండ్లు నిండకమునుపే ఆతడు ఫియట్ కారునకు గీసిన రేడియేటరు రూపము ఆ సంస్థాధిపతియగు అగ్నెల్లి మెప్పును పొందెను.

1920లో పినిన్ అమెరికాకు పోయి, హెన్రీ ఫోర్డు కర్మాగారమును దర్శించెను. ఫోర్డు ఆతనికి అచ్చటనే ఉద్యోగమిచ్చెదనని పిలిచెను. ధనమును, ప్రతిష్ఠయు లభించు అవకాశమది. అయినను పినిన్ స్వదేశమునకు మరలి వచ్చెను. 1930 మే నెలలో, ప్రపంచమంతయు ఆర్థికమాంద్యముతో క్రుంగియున్న వేళ, ఆతడు అన్నను వీడి టూరిన్‌లో సొంత పనిశాలను స్థాపించెను.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, 1946లో పారిస్ నగరమున మోటారు ప్రదర్శనము జరిగెను. యుద్ధమున శత్రుపక్షమున నిలిచిన దేశమగుటచే ఇటలీవారికి అందు చోటు దొరకలేదు. పినిన్ నిరాశపడలేదు, ఎవరితోను కలహింపలేదు. తానును, కుమారుడు సెర్జియోయు చెరియొక కారును నడుపుకొనుచు పారిస్ చేరి, ప్రదర్శనశాల ద్వారము వెలుపలనే వానిని నిలిపిరి. లోనికి పోవలసిన జనులు వెలుపల నిలిచి వానిని చూడసాగిరి.

మరుసటి యేట ఆతని కీర్తికి మూలమైన కారు వెలువడెను. టూరిన్ వర్తకుడగు పియెరొ దూసియో నెలకొల్పిన చిసిటాలియా సంస్థకై పినిన్ రూపొందించిన 202 కూపే అది. ఇద్దరు కూర్చుండుటకు వీలైన చిన్నకారు. దాని ఇంజను ఫియట్ 1100 నుండి గ్రహింపబడినది. పరిమాణము 1089 ఘన సెంటీమీటర్లు. మన దేశమున చిరకాలము తిరిగిన ప్రీమియర్ పద్మిని ఇంజను పరిమాణమును ఇంతయే. కాని రూపమున దీనికి సాటి లేదు. అంతకుముందు చాల కార్లలో చక్రముల కప్పులు, దీపములు, ముందుభాగము వేరువేరుగా అతికించినట్లు కనబడెడివి. పినిన్ అన్నిటిని ఒకే దేహమున కలిపివేసెను. అందు అనవసరమైన అలంకార మొక్కటియు లేదు.

అల్యూమినియము రేకును చేతితో మలచి చేయుటచే దాని వెల హెచ్చెను. మొత్తముమీద సుమారు 170 కార్లు మాత్రమే తయారైనవి. కొన్ని యేండ్లలోనే దూసియో అప్పులపాలయ్యెను. వ్యాపారము నిలువలేదు గాని, కళ నిలిచెను. 1951లో న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాలవారు ఎనిమిది కార్లను కళాఖండములుగా ప్రదర్శించినప్పుడు వానిలో ఇదియు ఒకటి. 1972లో వారు అట్టి కారునొకదానిని శాశ్వతముగా తమ సేకరణమున చేర్చుకొనిరి.

1951లోనే పినిన్‌కును, పందెపుకార్ల నిర్మాత ఎంజో ఫెరారీకిని స్నేహము కుదిరెను. ఇరువురును అభిమానధనులు, ఒకరి యింటికి మరియొకరు పోవుటకు ఇష్టపడక, నడుమనున్న తొర్తోనా అను పట్టణమున కలిసికొనిరి. ఆనాటి చెలిమి వారి తదనంతరమును చిరకాలము సాగెను.

1961లో ఇటలీ రాష్ట్రపతి ఉత్తరువు ననుసరించి ఆతని ముద్దుపేరు ఇంటిపేరుతో కలిసి పినిన్‌ఫారీనా అయ్యెను. 1966 ఏప్రిల్ 3వ తేదీన స్విట్జర్లాండులోని లోజాన్ నగరమున ఆ శిల్పి కన్నుమూసెను. సుత్తి పట్టిన పనివాడు తన పనిని కళగా భావించినచో, ఇనుపరేకు సైతము కళాశాలలో పీఠమెక్కునని ఆతని జీవితము తెలుపుచున్నది.