రాళ్లలో వెలుగు వెదికిన రామన్

మన కోనసీమలో రాయి పుట్టదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఎక్కడ గొయ్యి తవ్వినా తగిలేది బంకమన్ను, ఇసుక. గోదావరి పాయలు వేల ఏళ్లుగా మోసుకొచ్చి పరచిన ఒండ్రు నేల మనది. ఇంటి పునాదికి నల్లరాయి కావాలంటే మెరక ప్రాంతాల నుంచి లారీ మీద తెప్పించుకోవలసిందే. అయినా సముద్రపు ఒడ్డున నడిచేవారికి ఇసుకలో అక్కడక్కడ నల్లని చారలు కనిపిస్తాయి. ఆ చారల్లో ఇల్మనైటు అనే ఖనిజంతోపాటు గార్నెట్ రేణువులు కూడా ఉంటాయి. ఎర్రగా, గాజుముక్కల్లా మెరిసే ఈ స్ఫటికాలు తూర్పు కనుమల రాళ్లలో పుట్టి, నీటిలో దొర్లి అరిగి, చివరకు మన పాదాల కిందికి చేరాయి. ఇటువంటి రాళ్లను ప్రేమతో సేకరించి, వెలుగులో పెట్టి పరీక్షించి, పదిమందికీ చూపించిన ఒక మహనీయుని జీవితాన్ని ఈ వారం తెలుసుకుందాం. ఆయనే సర్ సి.వి. రామన్.

నోబెల్ బహుమతి పొందిన శాస్త్రజ్ఞునిగా రామన్ పేరు బడిపిల్లలందరికీ తెలుసు. ఆయన మన తెలుగు గడ్డ మీద, ఒక కతోలిక పాఠశాలలో చదువుకున్నారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి దగ్గర జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించే ఉద్యోగం రావడంతో 1892లో కుటుంబమంతా విశాఖకు వచ్చింది. అక్కడ సెయింట్ అలోషియస్ ఆంగ్లో ఇండియన్ హైస్కూలులో చదివి, రామన్ 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు. 13 ఏళ్లకు ఎఫ్.ఏ. కూడా ముగించి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లారు.

1907లో ఎం.ఏ. పూర్తి కాగానే కలకత్తాలో ప్రభుత్వ ఆర్థికశాఖ ఉద్యోగిగా చేరారు. పగలంతా లెక్కల పని, ఉదయం సాయంత్రం ప్రయోగశాలలో పరిశోధన. ఇలా పదేళ్లు గడిచాక, 1917లో మంచి జీతమిచ్చే ఉద్యోగాన్ని వదులుకొని, తక్కువ జీతానికి ఆచార్య పదవిని స్వీకరించారు. 1928 ఫిబ్రవరి 28న ఆయన కనుగొన్న విషయమే తర్వాత రామన్ ఎఫెక్ట్‌గా ప్రసిద్ధి పొందింది. ఒకే రంగు గల వెలుగును ఏదైనా పదార్థం గుండా పంపితే, చెదిరి బయటికి వచ్చే వెలుగులో కొద్దిపాటి భాగం రంగు మారుతుంది. ఎంత మారుతుందన్నది ఆ పదార్థాన్ని బట్టి ఉంటుంది. మనిషికి వేలిముద్ర ఎలాగో పదార్థానికి ఈ వెలుగు గీతలు అలాగు. ఈ పరిశోధనకే 1930లో నోబెల్ బహుమతి లభించింది.

స్ఫటికాల పరీక్షకు ఇది గొప్ప సాధనమైంది. వజ్రం ఇచ్చే బలమైన గీత ఒక్కటే; గాజుముక్క ఆ గీతను ఇవ్వలేదు. కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసిన గుడివాడ యువకుడు సూరి భగవంతం 1930 నాటికే ఈ గీతను పరిశీలించిన తొలివారిలో ఒకరు. ఆయన తర్వాత ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో భౌతికశాస్త్రం బోధించారు. ఈనాడు రత్నాలను పరీక్షించే పెద్ద ప్రయోగశాలలు, రాయిని గీయకుండా, పగలగొట్టకుండా దాని జాతిని తేల్చడానికి రామన్ పద్ధతినే ఉపయోగిస్తున్నాయి.

1933లో రామన్ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు సంచాలకులుగా వెళ్లారు. అక్కడ ఆయన మనసు వజ్రాల మీదికి మళ్లింది. భారతదేశం నుంచి, ఆఫ్రికా నుంచి సుమారు 300 వజ్రాలు సేకరించారు. వజ్రాల వర్తకుడు రాయిని చేతిలోకి తీసుకుంటే బరువు, రంగు, లోపల మచ్చ ఉందా లేదా అన్నవి చూస్తాడు. మచ్చ కనబడితే ధర పడిపోతుంది. రామన్ చూపు వేరు. సానపట్టని రాయి సహజంగా ఎలాంటి ఆకారంలో పెరిగిందో ఆయన మొదట చూసేవారు. పన్నా గనుల వజ్రాల ముఖాలు చదునుగా కాక వంపు తిరిగి ఉండడం గమనించి, శిష్యుడు రామశేషన్‌తో కలిసి 1946లో దాని గురించి రాశారు. అడ్డంగా నిలిపిన రెండు పోలరాయిడ్ పలకల మధ్య వజ్రాన్ని ఉంచితే, లోపల ఏ ఒత్తిడీ లేని రాయి చీకటిగా ఉండిపోతుంది. లోపమున్న రాయిలో వెలుగు చారలు కనబడతాయి. అతినీలలోహిత కాంతిలో కొన్ని వజ్రాలు నీలంగా, కొన్ని పసుపు కలిసిన ఆకుపచ్చగా మెరుస్తాయి. కొన్ని అసలు మెరవవు. పైకి ఒకేలా కనిపించే రాళ్ల మధ్య ఇంత తేడా ఎందుకన్నదే రామన్‌ను వెంటాడిన ప్రశ్న.

ఆ మెరుపును కొలిచే కష్టమైన పని అన్నా మణి అనే యువతికి అప్పగించారు. తిరువాన్కూరులోని పీర్మేడులో ఒక సిరియన్ క్రైస్తవ కుటుంబంలో 1918లో పుట్టిన ఆమె 1940లో బెంగళూరు చేరారు. ముప్పైకి పైగా వజ్రాలను పరీక్షించారు. మసక వెలుగును ఫోటో పలక మీద పట్టడానికి ఒక్కోసారి 15 నుంచి 20 గంటలు పట్టేది. రాత్రిళ్లు ప్రయోగశాలలోనే పడుకునేవారు. అయిదు పరిశోధన పత్రాలు ప్రచురించి, 1945లో డాక్టరేట్ కోసం తన గ్రంథాన్ని మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించారు. ఆమెకు ఎం.ఎస్‌సి. పట్టా లేదన్న కారణంతో డాక్టరేట్ ఇవ్వలేదు. వజ్రాల మెరుపును కొలిచిన ఆ యువతి విలువను ఒక కాగితం లేకపోవడాన్ని బట్టి నిర్ణయించారు! ఆమె కుంగిపోలేదు. వాతావరణ శాఖలో చేరి, దేశంలోనే కొలత పరికరాలు తయారయ్యేలా కృషి చేసి, ఆ శాఖలో ఉన్నత పదవికి ఎదిగారు. 2001లో కన్నుమూశారు.

రామన్ కూడా పొరపాటుకు అతీతులు కారు. వజ్రాల మధ్య తేడా వాటి నిర్మాణంలోనే ఉందని, వజ్రం నాలుగు రకాలుగా ఏర్పడుతుందని ఆయన గట్టిగా నమ్మారు. 1959లో శాస్త్రజ్ఞులు కైజర్, బాండ్ అసలు కారణం కనుగొన్నారు. చాలా వజ్రాల్లో కొద్దిగా నైట్రోజన్ కలిసి ఉంటుంది. రామన్ చూసి మురిసిన ఆ నీలి మెరుపు కూడా నైట్రోజన్ మూలంగానే వస్తుంది. అంటే వర్తకుడి లెక్కలో కల్తీ అనదగిన పరాయి అణువే ఆ రాయికి వెలుగునిచ్చింది. కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు గనుల నుంచి వెళ్లిందని భావించే ప్రసిద్ధ హోప్ వజ్రానికి నీలిరంగు వచ్చింది కూడా అందులో కలిసిన అతి స్వల్పమైన బోరాన్ వల్లనే. రామన్ మాత్రం తన సిద్ధాంతాన్ని వదులుకోలేదు. ఆయన మాట కరుకు, పట్టుదల ఎక్కువ. గొప్పవారికీ బలహీనతలు ఉంటాయని తెలుసుకోవడం మనకు మేలే.

ఉద్యోగ విరమణ తర్వాత 1948లో బెంగళూరులోనే సొంతంగా రామన్ పరిశోధన సంస్థను స్థాపించారు. తన స్వేచ్ఛకు భంగమని ప్రభుత్వ నిధులకు చేయి చాపలేదు. అక్కడ తన సేకరణలతో ఒక ప్రదర్శనశాల ఏర్పాటు చేశారు. స్ఫటికాలు, ఖనిజాలు, రత్నాలు, శిలలు, వాటితోపాటు శంఖాలు, సీతాకోకచిలుకలు, పక్షులు. లాబ్రడొరైటు అనే బూడిదరంగు రాయిని చూస్తే ఎవరూ వంగి తీసుకోరు. కొంచెం వంచి వెలుగుకు పట్టుకుంటే నెమలి పింఛంలా నీలం, పచ్చ రంగులు విరుస్తుంది. లోపలి సన్నని పొరల మీద వెలుగు ఆడే ఆట అది. చీకటి గదిలో మరికొన్ని ఖనిజాలు అతినీలలోహిత దీపం వెలిగించగానే రంగురంగులుగా ప్రకాశించేవి. బడిపిల్లలు వస్తే వారికి ఇవన్నీ చూపించడం ఆయనకు ఎంతో ఇష్టం. 1954లో భారతరత్న బిరుదు వచ్చింది. 1970 నవంబరు 21న మరణించారు. ఆయన కోరిక ప్రకారం ఏ ఆడంబరమూ లేకుండా సంస్థ తోటలోనే దహనం చేసి, అక్కడ ఒక చెట్టు నాటారు.

రామన్ క్రైస్తవుడు కారు. ఏ మతాచారాన్నీ పట్టించుకున్నవారు కూడా కారు. అయినా సర్వేశ్వరుని సృష్టిని ఇంత శ్రద్ధగా, ఇంత ఆనందంగా చూసినవారు మనలో ఎందరు? పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశకులు, ఉపాధ్యాయులు ఒకసారి వారిని సముద్రతీరానికి తీసుకువెళ్లి, గుప్పెడు నల్లని ఇసుకను భూతద్దం కింద చూపించవచ్చు. దాచుకునే ప్రతి రాయి పక్కన అది ఎక్కడ, ఏ రోజున దొరికిందో రాసిపెట్టమనాలి. ఊరు పేరు తెలియని రాయి సేకరణలో సగం విలువ కోల్పోతుంది.

అంతకంటే ముఖ్యమైన పాఠం పెద్దలది. మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాడిని, నత్తిగా మాట్లాడే అమ్మాయిని, ఊరంతా పనికిరానివాడని తీర్మానించిన పొరుగువాడిని మనం వర్తకుడి కళ్లతోనే చూస్తున్నామేమో. మచ్చ కనబడగానే ధర తగ్గించడం తేలిక. ఆ మనిషిని ఓపికగా వెలుగులోకి తీసుకొచ్చి, కాస్త ఇటు తిప్పి అటు తిప్పి చూస్తే, మనకు లోపంగా తోచిన చోటే దేవుడు దాచిన రంగు కనబడవచ్చు.