చిత్రకారిణి ఆండ్రోనిచి జెంగో

ఐరోపా ఖండమున గ్రీసు దేశమునకు వాయవ్యదిశ నున్న అల్బేనియా 1912లో స్వతంత్రమయ్యెను. మఱుసటి యేడే, 1913లో, ఆ దేశమందలి కోర్చా పట్టణమున ఆండ్రోనిచి జెంగో జన్మించెను. అల్బేనియన్ భాషలో బాలికలకు 1891లోనే పాఠశాల వెలసిన పట్టణమది.

ఆమె తండ్రి వాంజెల్ జెంగో క్రైస్తవ దేవాలయములకు పూజాపటములు వ్రాయు చిత్రకారుడు. చెక్కపలకలపై రంగులతో వ్రాయబడు ఆ పటములకు భక్తులు మ్రొక్కుదురు. సాధారణముగ కుమారులకు సంక్రమించు ఆ విద్యను వాంజెల్ తన కుమార్తెలకు నేర్పెను. ఆండ్రోనిచియు, చెల్లెలు సోఫియాయు తండ్రి చెంత ఓనమాలు దిద్ది, పిదప ఏథెన్సు నగరమందలి లలితకళాశాలలో చదివిరి. అల్బేనియా దేశపు తొలి చిత్రకారిణులలో వీరిని లెక్కింతురు. ఆండ్రోనిచి పూజాపటములే గాక మనుష్యుల రూపచిత్రములను గూడ వ్రాసెను.

1967లో ప్రభుత్వము మతాచారములను నిషేధించి దేవాలయములను మూయించెను. తండ్రి యిచ్చిన వృత్తికే దేశమున తావు లేకపోయెను. 1990లో ఆ నిషేధము తొలగి, ఆలయద్వారములు మరల తెఱువబడెను. ఆ దినములను గన్నులార జూచిన పిమ్మటనే ఆమె 2000 సంవత్సరమున పరమపదించెను.

పొలము పంచినకొలది తఱుగును. విద్యకు ఆ తఱుగుదల లేదు. కుమార్తెలకును అందు భాగమిచ్చిన తండ్రి వలన ఒక దేశమునకే చిత్రకారిణులు లభించిరి.