పక్షుల పెద్దమనిషి డాక్టర్ సాలిం అలీ సాహెబు

ప్రతి సంవత్సరం మన సావనీరులో ఒక పెద్దమనిషి జీవితం గురించి వ్రాయడం ఆనవాయితీగా వస్తున్నది. చదువు పెంచినవారు, స్వరాజ్యం కొరకు జైలుకు పోయినవారు, కలం పట్టినవారు, ఇట్లా చాలామంది గురించి మన సభ్యులు ఇదివరకే చదివి ఉన్నారు. ఈసారి మేము పిట్టల వెంట తిరిగిన ఒక మనిషిని ఎన్నుకొన్నాము. పిట్టల వెంట తిరగడం కూడా ఒక ఘనకార్యమా అని కొందరు పెద్దలు నవ్వవచ్చు. నవ్వినా పరవాలేదు, చివరిదాకా చదవమని మా మనవి. ఎందుకంటే ఇది పిట్టల కథ మాత్రమే కాదు. చందాలతో నడిచే ఒక సొసైటీ మూతపడే స్థితికి వచ్చినప్పుడు దానిని ఎట్లా నిలబెట్టినారు అనే కథ కూడా ఇందులో ఉన్నది. పైగా బొగ్గు కొరకు నేలను తవ్వుకొని బతికే మన గోదావరిఖని, రామగుండం వంటి చోట అడవి సంగతి మనకు కాకపోతే ఇంకెవరికి కావాలె?

సాలిం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12 న బొంబాయిలో ఒక సులైమానీ బోహ్రా కుటుంబంలో పుట్టినారు. తొమ్మిది మంది సంతానంలో ఆఖరివారు. ఏడాది నిండేసరికి తండ్రి పోయినారు, మూడేళ్ళకు తల్లి జీనతున్నీసా బేగం పోయినారు. ఆ యతీం పిల్లలందరినీ మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ గారు, సంతానం లేని హమీదా బేగం గారు ఖేత్‌వాడీలోని తమ ఇంట్లో పెట్టుకొని సాకినారు. ఆ ఇల్లు ఎప్పుడూ పిల్లలతో కళకళలాడుతూ ఉండేదట. అందుకని సాలిం అలీ గారికి యతీమునన్న దిగులు పెద్దగా తెలియలేదనే చెప్పాలె.

మేనమామకు వేట అంటే ఇష్టం. పిల్లవానికి ఒక ఎయిర్‌గన్ను కొనిచ్చినారు. సుమారు పదేళ్ళ వయస్సులో ఆ తుపాకితో ఒక పిచ్చుకను కొట్టినాడు. చేతిలోకి తీసుకొని చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ ఉన్నది. ఇంటి దగ్గర తిరిగే పిచ్చుకలకు అట్లాంటి మచ్చ ఉండదు. ఇది తినడానికి హలాలేనా కాదా అని సందేహం వచ్చి మామూజాన్ దగ్గరికి తీసుకపోయినాడు. ఆయనకూ ఆ పక్షి ఏమిటో తెలియలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలో తాను సభ్యులు గనుక, ఆ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దొరకు చీటీ వ్రాసి పిల్లవాణ్ణి పంపినారు. మిల్లార్డ్ దొర విసుక్కోలేదు. అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, అలమారల సొరుగులు ఒక్కొక్కటే లాగి, లోపల దూది కూరి భద్రపరచిన వందల పక్షులను చూపించినాడు. చదువుకోవడానికి పుస్తకాలు ఇచ్చినాడు. ఒక పిల్లవాని సందేహానికి ఒక పెద్దమనిషి గంటసేపు ఓపికగా జవాబు చెప్పినందువల్ల ఈ దేశానికి ఒక శాస్త్రజ్ఞుడు దొరికినాడు. మా బడిలో అడ్డమైన ప్రశ్నలు అడిగే పిల్లలను చూసినప్పుడల్లా మాకు ఈ మిల్లార్డ్ దొర గుర్తుకు వస్తాడు.

చదువులో మాత్రం ఆయన ముందువరసలో లేరు. తలనొప్పి జబ్బు వల్ల బడి మధ్యలో ఆగిపోయి కొంతకాలం సింధులో బంధువుల ఇంట ఉన్నారు. 1913 లో బొటాబొటి మార్కులతో మెట్రిక్ గట్టెక్కినారు. కాలేజీ మొదలుపెట్టి వదిలేసి, అన్నగారికి సహాయంగా బర్మాలోని తవోయ్‌కు పోయినారు. అక్కడ వారి కుటుంబానికి కలప వ్యాపారం, వుల్‌ఫ్రం ఖనిజపు గనులు ఉండేవి. మొదటి ప్రపంచయుద్ధం రోజులు. ఉక్కును గట్టిపరచడానికి ఆ ఖనిజానికి గిరాకీ ఉండేది. గని పని అంటే ఏమిటో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. అయితే ఈ గని యజమాని మనసు గనిలో కన్న చుట్టూ ఉన్న అడవిలోనే ఎక్కువ ఉండేది. వ్యాపారం సాగలేదు, 1917 లో బొంబాయికి తిరిగి వచ్చినారు. పగలు దావర్ కాలేజీలో వాణిజ్య చట్టం, లెక్కలు నేర్చుకొన్నారు. సెయింట్ జేవియర్ కాలేజీలో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం చదివినారు. లెక్కల చదువు ఊరికే పోలేదు. సొసైటీ హిసాబు కితాబు చూసేటప్పుడు అది పనికివచ్చి ఉంటుందని మా నమ్మకం. 1918 డిసెంబరులో తెహ్మీనా బేగంతో వివాహం అయింది.

డిగ్రీ లేని కారణంగా జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగం రాలేదు. 1926 లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరినారు. రెండేళ్ళకు సెలవు పెట్టి జర్మనీకి పోయి బెర్లిన్ మ్యూజియంలో స్ట్రెసెమాన్ అనే గొప్ప పక్షిశాస్త్రజ్ఞుని దగ్గర శిష్యరికం చేసినారు. అంత నేర్చుకొని 1930 లో తిరిగివస్తే, డబ్బు లేదని ఆ ఉద్యోగాన్నే తీసివేసినారు! ఇంటి కిరాయి దండగని బొంబాయికి అవతల సముద్రపు ఒడ్డున కిహీం అనే పల్లెలో కాపురం పెట్టినారు. అక్కడ ఇంటి దగ్గరే గిజిగాడు పిట్టలు గూళ్ళు కడుతున్నవి. నౌకరి లేని మనిషికి తీరికకు కొదువ ఏమున్నది? రోజుల తరబడి వాటిని గమనించి, మగ పిట్ట సగం గూడు కట్టి చూపించడం, ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితే కాపురం ఉండడం, అప్పుడు మగది గూడు పూర్తి చేసి ఇంకొక గూడు మొదలుపెట్టి ఇంకొక ఆడపిట్టను పిలవడం, ఇదంతా విప్పి వ్రాసినారు. ఆ వ్యాసంతోనే శాస్త్రలోకంలో ఆయనకు పేరు వచ్చింది.

ఇక్కడ మన నేలతో సంబంధం మొదలవుతున్నది. అప్పట్లో సంస్థానాలలో ఏ పక్షులు ఉన్నవో సరిగా లెక్క లేదు. సాలిం అలీ గారు ఒక ఉపాయం ఆలోచించినారు. తనకు జీతం వద్దు, అడవులలో తిరగడానికి, బిడారాలు వేసుకోవడానికి ఖర్చు భరిస్తే చాలు, పక్షుల సర్వే చేసి పెడతానన్నారు. దీనికి తొలుత ఒప్పుకొన్నది నిజాం సర్కారు. 1931-32 లో హైదరాబాదు రాష్ట్ర పక్షుల సర్వే జరిగింది. మన కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు ఆనాడు ఆ రాష్ట్రంలోనివే కదా. ఇంగ్లాండులో చదువుకొన్న తెహ్మీనా బేగం గారు కూడా భర్త వెంట అడవి డేరాలలో కాపురం చేసినారు. తెల్లవారకముందే లేవడం, తిరగడం, కావలసిన పక్షిని కొట్టి తేవడం, చర్మం ఒలిచి దూది కూరి, కాలికి చీటీ కట్టడం, ఆ చీటీ మీద ఊరు, తేదీ, ఆడదా మగదా అనే వివరం వ్రాయడం, ఇదీ పని. ఆ ఫలితాలు సొసైటీ పత్రికలో 1933-34 లో వరుసగా అచ్చయినవి. దక్కన్ పక్షుల గురించి పని చేసేవారికి అదే తొలి మెట్టు. తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, భోపాల్, మైసూరు వంటి చోట్ల కూడా ఇదే పద్ధతిన సర్వేలు చేసినారు.

పక్షులను కాపాడిన మనిషి పక్షులను తుపాకితో కొట్టడమేమిటని కొందరికి అనిపిస్తుంది. ఆయన ఈ సంగతిని ఎన్నడూ దాచలేదు. చేతిలో పట్టుకొని కొలిస్తే తప్ప జాతుల తేడా తెలియని రోజులవి. కాని తమాషాకు చంపడాన్ని ఆయన సహించేవారు కాదు.

1939 లో ఒక చిన్న ఆపరేషను తరువాత తెహ్మీనా బేగం గారు మరణించినారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలంత చనువుగల అక్కగారి ఇంట్లో ఉండిపోయినారు. భారతీయ పక్షుల గురించి ఆయన వ్రాసిన బొమ్మల పుస్తకం 1941 లో వచ్చింది. ఆ పుస్తకం పేరు చెబితే చాలు, ఈనాటికీ పక్షులను చూసేవారు లేచి సలాము చేస్తారు.

ఇక అసలు సంగతికి వద్దాం. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1883 లో ఎనిమిది మంది కలిసి పెట్టుకొన్నది. వారిలో ఇద్దరే భారతీయులు. మొదట్లో దాని సామాను ఫిప్సన్ అనే దొర మద్యం దుకాణంలో ఒక మూలన ఉండేది. అక్కడే విలియం అనే పేరుతో ఒక హార్న్‌బిల్ పక్షిని ఏళ్ళ తరబడి పెంచినారు, అదే సొసైటీ గుర్తు అయింది. సభ్యులలో చాలామంది ఇంగ్లీషు అధికారులు, తోటల దొరలు. 1947 లో వాళ్ళంతా మూటాముల్లె సర్దుకొని పోయేసరికి చందాలు పడిపోయినవి. గ్రంథాలయం ఉన్నది, వేలకు వేలు నమూనాలు ఉన్నవి, పత్రిక ఉన్నది, కాని నడపడానికి పైస లేదు. సొసైటీలు పెట్టేవారు చాలామంది ఉంటారు. పెట్టినవారు పోయినాక తాళం చెవులు పట్టుకొని నిలబడేవారే కరువు. ఇది మన సభ్యులకు బాగా తెలిసిన సంగతే.

సాలిం అలీ గారు నిలబడినారు. నెహ్రూగారికి ఉత్తరం వ్రాసి, సర్కారు గ్రాంటు సంపాదించి సొసైటీ ఊపిరి నిలిపినారు. తరువాత సర్కారు సహాయంతోనే మ్యూజియం పక్కన హార్న్‌బిల్ హౌస్ అనే సొంత భవనం లేచింది. దొరల క్లబ్బు వంటి దానిని జీతాలిచ్చి పరిశోధన చేయించే సంస్థగా మార్చినారు. వలస పక్షుల కాళ్ళకు నెంబరు, సొసైటీ అడ్రసు ఉన్న సన్నని లోహపు కడియాలు తొడిగి వదిలే పని పెద్ద ఎత్తున నడిపినారు. ఆ కడియాలు సైబీరియాలో దొరికి బొంబాయికి తిరిగి వచ్చినవి. అంటే మన చెరువుల మీద చలికాలంలో వాలే బాతు ఎక్కడ పుట్టి వచ్చిందో అప్పుడు తెలిసింది. బొంబాయి యూనివర్సిటీ సొసైటీని పరిశోధన కేంద్రంగా గుర్తించగా, డిగ్రీ లేని మనిషి కింద పిల్లలు డాక్టరేటులు చేసినారు! అలీగఢ్, ఢిల్లీ యూనివర్సిటీలు, 1978 లో మన ఆంధ్రా యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేటులు ఇచ్చినవి.

భరత్‌పూర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలె. అది రాజుగారు బాతులను వేటాడే చిత్తడి నేల. స్వాతంత్ర్యం వచ్చినాక ఆ నీళ్ళు మళ్ళించి నేలను పంచాలని స్థానికంగా ఒత్తిడి వచ్చింది. సాలిం అలీ గారు నెహ్రూగారి దాకా పోయి దానిని కాపాడినారు. 1980 ప్రాంతంలో అది జాతీయ పార్కు అయింది. 1982 లో లోపల బర్రెలను మేపడం నిషేధించినారు. ఆ మేత మీద బతికే ఊళ్ళవారు తిరగబడినారు, పోలీసు కాల్పులలో మనుషులు చనిపోయినారు. తరువాత జరిగింది వినదగినది. ఇదే సొసైటీ పరిశోధకులు ఏళ్ళ తరబడి అక్కడ లెక్కలు తీసి, బర్రెలు మేయకపోవడం వల్ల గడ్డి పెరిగి నీళ్ళను కప్పేస్తున్నదని, దానివల్ల పక్షులకే నష్టమని తేల్చినారు. మేత ఆపాలన్నవారిలో సాలిం అలీ గారు కూడా ఉన్నారు. తన పెద్ద అభిప్రాయానికి వ్యతిరేకమైనా నిజం వ్రాయగల మనుషులను తయారు చేసిన సంస్థ అది. పేదవాని బర్రెను వెళ్ళగొట్టడమే అడవిని కాపాడడం అనుకొనేవారు ఈ సంగతి చదువుకోవాలె. ఇది మా అభిప్రాయం.

ఆయన స్వభావం గురించి రెండు ముక్కలు. మనిషి బక్కపలుచన, గడ్డం పొట్టిది. డబ్బు విషయంలో మహా పొదుపు. గురక పెట్టేవారంటే గిట్టదు, బిడారంలో అట్లాంటివారికి చోటు దొరకడం కష్టం. మోటారు సైకిళ్ళ పిచ్చి మాత్రం ఉండేది. 1950 లో స్వీడన్‌లో పక్షిశాస్త్రజ్ఞుల సభకు పోతూ తన సన్‌బీం బండిని ఓడలో వేసుకొని పోయి, యూరపు రోడ్ల మీద నడిపినారు. అప్పటికి వయస్సు యాభై మూడు!

బట్టమేక పిట్టను జాతీయ పక్షిగా చేయాలని ఆయన కోరుకొన్నారు. ఆ గౌరవం నెమలికి పోయింది. డిల్లన్ రిప్లీ అనే అమెరికా మిత్రునితో కలిసి పది సంపుటాల పక్షుల గ్రంథం 1968 నుండి 1974 దాకా వెలువరించినారు. కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే ఆనకట్టను వద్దన్నవారిలో ఆయన మాటకు బరువు ఉండేది. 1958 లో పద్మభూషణ్, 1976 లో పద్మవిభూషణ్ వచ్చినవి. 1985 లో రాజ్యసభకు నామినేట్ అయినారు. వీటన్నిటికన్న మాకు పెద్దదిగా తోచేది గెట్టీ బహుమతి. 1976 లో అందిన ఆ 50,000 డాలర్లను ఆయన సొసైటీకే ఇచ్చి ప్రకృతి సంరక్షణ నిధి ఏర్పాటు చేయించినారు. చందా అడిగే మనిషి ముందు తన జేబు తీసినాడన్నమాట.

చివరి సంవత్సరాలలో ఆయన సొసైటీ మన తెలుగు నేల మీద బాగా పని చేసింది. కర్నూలు జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్టలను ఏళ్ళపాటు గమనించింది. కలివికోడి కథ మరీ విచిత్రం. 1848 లో జెర్డన్ దొర లోకానికి చెప్పిన ఈ పిట్ట 1900 తరువాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకొన్నారు. సాలిం అలీ గారు ఆశ వదలలేదు. సొసైటీ వారు బొమ్మలు పట్టుకొని పల్లెల్లో తిరిగి వేటగాళ్ళను అడిగినారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు దానిని పట్టి తెచ్చినాడు. పెద్ద చదువుల వారికి 86 ఏళ్ళు దొరకని పిట్ట చిట్టడవి ఎరిగిన మనిషికి దొరికింది.

1987 జూన్ 20 న తొంభై ఏళ్ళ వయస్సులో సాలిం అలీ సాహెబు బొంబాయిలో కన్నుమూసినారు. కలివికోడి బతికి ఉన్నదన్న కబురు ఆయనకు బతికి ఉండగానే అందింది. మరుసటి సంవత్సరం ఆ పక్షి కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 1990 లో కోయంబత్తూరులో ఆయన పేరిట పరిశోధన కేంద్రం వెలిసింది. 2005 లో తెలుగుగంగ కాలువ కొరకు ఆ పిట్ట ఉండే పొదల గుండా తవ్వకం మొదలైతే, అక్కడ పని చేస్తున్న సొసైటీ పరిశోధకులు చూసి ఫిర్యాదు చేసినారు. వ్యవహారం సుప్రీంకోర్టు కమిటీ దాకా పోయింది. రాయలసీమకు నీళ్ళు కావాలె, పిట్టకు పొదలు కావాలె. చివరకు కాలువ దారి మార్చి, చుట్టు తిప్పి తీసుకపోయినారు.